పసిపిల్లల కదలికల పరీక్ష: ఆల్బర్టానా, పీబాడీనా?

ఏడు నెలల పాపను ఉదయం ఒక ఫిజియోథెరపిస్ట్ చూసి వయసుకు తగ్గట్టే ఉందన్నారు, మధ్యాహ్నం ఇంకొకరు చూసి వెనకబడిందన్నారు అనుకోండి. ఇక ఆ ఇంట్లో ఎంత టెన్షనో! ఎవరు చూసినా, ఎప్పుడు చూసినా దాదాపు అదే మాట చెప్పగలిగే పరీక్ష కావాలి. పసిపిల్లల కదలికల ఎదుగుదలను కొలిచే రెండు పరీక్షలు, ఆల్బర్టా, పీబాడీ, ఇందుకు ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

ఆల్బర్టా స్కేల్‌ను దాని రూపకర్తలు పైపర్, డారా 1994లో పుస్తకంగా తెచ్చారు. మొత్తం 58 అంశాలు: బోర్లా 21, వెల్లకిలా 9, కూర్చుని 12, నిలబడి 16. బిడ్డను దాదాపు తాకకుండా ఆడుకోనిచ్చి, బరువు ఎక్కడ మోపుతోందో, ఒళ్లు ఎలా నిలుపుకుంటోందో చూస్తారు. ప్రతిదానికీ కనిపించిందా, లేదా అన్నదే జవాబు. 20-30 నిమిషాల్లో అయిపోతుంది.

పీబాడీ అలా కాదు. 2000లో వచ్చిన రెండో కూర్పులో 249 అంశాలున్నాయి, వేళ్ల పనితనంతో సహా. అయిదేళ్ల పిల్లల దాకా పనికొస్తుంది. కానీ బిడ్డ చేత చేయించాలి, 0, 1, 2 మార్కులు వేయాలి. సగం చేస్తే 1. ఆ సగం ఎంత అన్నదగ్గరే ఇద్దరు పరీక్షకులకు తేడా వచ్చే వీలుంది. పైగా గంట సేపు సాగితే ఆకలి, నిద్ర అడ్డొస్తాయి.

నడక రాని బిడ్డకు నా ఓటు ఆల్బర్టాకే. పరీక్షకుల మధ్య పొంతన (పూర్తిగా కలిస్తే 1) 0.95 దాటిందని దాని రూపకర్తలే చూపించారు. అయితే ఆ అంకె చూసి మురిసిపోకూడదు. పుట్టిన బిడ్డ నుంచి నడిచే బిడ్డ దాకా అందరినీ ఒకే గుంపులో కలిపితే మార్కులు సహజంగానే దూరదూరంగా ఉంటాయి, పొంతన కూడా గొప్పగా కనిపిస్తుంది. ఒకే వయసు పిల్లలను తీసుకుంటే అంత ఉండకపోవచ్చు. ఒకే వీడియోను ఇద్దరు చూసి మార్కులేయడమూ ఇలాంటిదే. అందులో బిడ్డ మారదు. వారం తర్వాత మళ్లీ పరీక్షిస్తేనే ఆ రోజు మూడ్ ప్రభావం ఎంతో తెలుస్తుంది.

ఆల్బర్టాకూ హద్దుంది. బిడ్డ నడవడం మొదలెట్టే వేళకు అంశాలు అయిపోతాయి, పిల్లల మధ్య తేడా పట్టుకోలేదు. అప్పుడు పీబాడీయే దిక్కు. మూడు నుంచి అయిదు నెలల మధ్య సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినే స్థితి) అనుమానం ఉంటే మాత్రం ఈ రెండిటికన్నా ప్రెక్‌టెల్ పద్ధతి మేలు: వెల్లకిలా పడుకున్న బిడ్డ సహజ కదలికలను వీడియో తీసి, శిక్షణ పొందినవారు చూస్తారు.

ఏ పరీక్షకైనా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును సరిచేసి, అంటే పుట్టాల్సిన తేదీ నుంచి, లెక్కించాలి. చక్కగా ఎదిగే పిల్లల పర్సంటైల్ (అదే వయసు పిల్లల్లో వందకు ఎంతమంది కన్నా ముందున్నారో చెప్పే అంకె) కూడా ఒకసారి పైకి, ఒకసారి కిందకి పోతుంటుంది. కాబట్టి ఒక్క తక్కువ స్కోరుతో బిడ్డ వెనకబడిందని ముద్ర వేసేయొద్దు. కొన్ని వారాలాగి, కడుపు నిండి హుషారుగా ఉన్న వేళ, వీలైతే అదే పరీక్షకుల చేత మళ్లీ చూపించండి.