లింగ్విస్టిక్స్‌లో జేఆర్‌ఎఫ్: డబ్బు ఎంత వస్తుంది, దేనికి సరిపోతుంది

మన చుట్టూ మాట్లాడే భాష మీద, అంటే లింగ్విస్టిక్స్‌లో (భాషాశాస్త్రంలో) పీహెచ్‌డీ చెయ్యాలనుకునేవాళ్ళు విదేశాలకు విమానం ఎక్కే ముందు యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెట్ పరీక్షలో మంచి మార్కులు వచ్చినవాళ్ళకు ఇచ్చేది) గురించి గట్టిగా ఆలోచించండి. నేను ఆ డబ్బుతోనే చదువుతున్నాను, ఇప్పుడు దాని రెండో దశ ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)లో ఉన్నాను. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా మళ్ళీ చదువులోకి రాగలిగానంటే ఈ ఫెలోషిప్ వల్లే. అయినా లోపాలు దాచను.

ముందు డబ్బు సంగతి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. ఆ తర్వాత కమిటీ మన పని చూసి సరేనంటే 42,000. అన్నీ కలిపి అయిదేళ్ళు. అంతకుముందు ఇవి 31,000, 35,000గా ఉండేవి. హాస్టల్లో గది ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరే. హైదరాబాదులో ఇద్దరో ముగ్గురో కలిసి అద్దెకుంటే ఈ డబ్బుతో తిని, ఇంటికి కాస్త పంపి, పుస్తకాలు కూడా కొనుక్కోవచ్చు. నెట్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరినవాళ్ళకు వచ్చేది నెలకు 8,000 మాత్రమే. ఒకే గైడు దగ్గర, ఒకే రకం పని చేసే ఇద్దరి మధ్య ఇంత తేడా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ వాస్తవం అదే కాబట్టి, పీహెచ్‌డీ సీటు వచ్చింది కదా అని నెట్ వదిలెయ్యకండి.

నెట్ పరీక్ష మూడు గంటలు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, ప్రశ్నకు రెండు మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. లింగ్విస్టిక్స్ వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది రెండో పేపర్లో కాదు, మొదటి పేపర్లో. లెక్కలు, రీజనింగ్, పట్టికలు చూసి జవాబు చెప్పడం, ఇవన్నీ అందులో ఉంటాయి. ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణం రోజూ చదివేవే కదా, టైము మొదటి పేపరుకి పెట్టండి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు పారిభాషిక పదాలు ఇంగ్లీషులో అలవాటు చేసుకోక తప్పదు. నా మటుకు నేను తెలుగులో అర్థం చేసుకుని, నోట్సు ఇంగ్లీషులో రాసుకున్నాను.

జేఆర్‌ఎఫ్‌కి వయసు పరిమితి 30 ఏళ్ళు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ వాళ్ళకు 35. నాకు ఆ అయిదేళ్ళ సడలింపే దారి చూపింది. పిల్లలు, సంసారం అంటూ ఆగిపోయిన ఆడవాళ్ళు ఈ ఒక్క వాక్యం మళ్ళీ చదవండి.

ఇక ఈ ఫెలోషిప్‌లో నిజంగా బలహీనమైన చోటు. జీతం మనిషికి సరిపోతుంది, ఫీల్డు పనికి సరిపోదు. హ్యుమానిటీస్ కింద వచ్చే కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు విడిగా ఇచ్చే డబ్బు) మొదటి రెండేళ్ళు ఏడాదికి 10,000, తర్వాత 20,500. లైబ్రరీలో కూర్చుని చేసే పనికి అది చాలు. నా పరిశోధన అరకు వైపు మాట్లాడే కొండ అనే భాష మీద, దాన్ని కూబి అని కూడా అంటారు. అది మాట్లాడే కొండదొర గిరిజనుల్లో చాలామంది ఇప్పటికే తెలుగులోకి వచ్చేశారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి కొండ భాషా వ్యాకరణం 1969లో వచ్చింది. ఆయన రాసుకున్న మాటలు ఇప్పటి పిల్లల నోట ఎలా ఉన్నాయో చూడటం నా పని.

పాత తెలుగులో ర వేరు, ఱ వేరు. మన నోట్లో ఆ తేడా ఎప్పుడో పోయింది, కొండ భాషలో ఇంకా ఉంది. దాన్ని చెవితో విని నమ్మితే చాలదు, రికార్డు చేసి కొలవాలి. మంచి రికార్డింగుని ప్రాట్ అనే ధ్వనులు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నాలుక అదిరిన ప్రతిసారీ తెర మీద ఒక సన్నని ఖాళీ కనిపిస్తుంది. అది కనిపించాలంటే చుట్టూ చప్పుడు ఉండకూడదు. రేకుల ఇంట్లో వాన మొదలైతే ఆ రోజుకి పని అయిపోయినట్టే. కోడి కూసినా ఆ మాట మళ్ళీ అడగాలి. నాకు మాటలు చెప్పే అవ్వ ఓపిగ్గా చెప్తుంది, కానీ కోతల కాలంలో "రేపు రామ్మా, ఇయ్యాల పనుంది" అంటే తిరిగి రావాల్సిందే. వాళ్ళ పొద్దు మనకిచ్చినందుకు కూలి డబ్బుకి తగ్గకుండా ఇవ్వాలి, అది నా నియమం. మంచి రికార్డరు, మైకు కొనడానికే ఒక ఏడాది కంటింజెన్సీ దాటిపోతుంది. ప్రాట్, రికార్డింగు పక్కన మాటలు రాసుకునే ఈలాన్, రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితం కాబట్టి బతికాం.

పైగా కంటింజెన్సీకి బిల్లులు కావాలి. అవ్వ దగ్గర బిల్లు ఎక్కడిది? వేలిముద్ర వేయించిన చేతిరసీదులు పట్టుకెళ్తే మా ఆఫీసులో ఒక గుమాస్తా వాటిని పక్కకి నెట్టి, షాపు బిల్లు తెమ్మన్నారు. చివరికి గైడు సంతకంతో ఒక ఫారం తయారుచేసుకుని, పేరు, ఊరు, గంటలు, మొత్తం రాసి ఇస్తే ఒప్పుకున్నారు. ఫీల్డుకి వెళ్ళకముందే మీ ఆఫీసులో ఏ రసీదు చెల్లుతుందో అడిగి రాయించుకోండి.

డబ్బు ఖాతాలో పడటం ఇంకో సంగతి. ప్రతి నెలా యూనివర్సిటీ వైపు నుంచి ఫెలోషిప్ పోర్టల్లో మేకర్ అనే ఉద్యోగి మన పేరు ఎక్కించాలి, చెకర్ అనే ఇంకొకరు దాన్ని ఖాయం చెయ్యాలి. ఈ ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఆ నెల ఆగుతుంది. మా దగ్గర అలా ఆగిన నెలల్లో అద్దె గురించి పడిన టెన్షన్ చిన్నది కాదు. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. అటెండెన్సు కాగితం నెలాఖరుకి ముందే మేకర్ చేతికి స్వయంగా ఇవ్వండి.

విదేశాల మాటకొస్తే, అమెరికాలో మంచి డిపార్టుమెంట్లు పీహెచ్‌డీకి అయిదేళ్ళ పాటు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి, బదులుగా వారానికి 20 గంటల వరకు పాఠం చెప్పడమో రీసెర్చి పనో ఉంటుంది. ఇది ఎంఎస్‌కి వెళ్ళడంలాంటిది కాదు, అప్పు అక్కర్లేదు. ఆఫర్ వచ్చాక సాధారణంగా ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకోవచ్చు. అంతకంటే ముందే జవాబు చెప్పమని తొందరపెడితే కంగారుపడకండి. యూరప్‌లో కంప్యూటరు, భాష కలిపి చదవాలనుకునేవాళ్ళకు ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ కోర్సులు చూడొచ్చు: స్కాలర్‌షిప్ దొరికితే నెలకు 1,400 యూరోలు, ఒకటి కంటే ఎక్కువ దేశాల్లో చదువు. వాక్యనిర్మాణ సిద్ధాంతం, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ మీద మనసున్నవాళ్ళు విదేశాలకు వెళ్ళడమే మంచిది, అక్కడి గురువులు, సెమినార్లు వేరే స్థాయి. కానీ కొండ, కువి, కోలామి, గోండి లాంటి గిరిజన భాషలు పట్టుకున్నవాళ్ళకు ఏడాదిలో ఒకసారి వేసవిలో వచ్చి రికార్డు చేసుకుపోతే సరిపోదు. నేను పొద్దున విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ రైలు ఎక్కితే మధ్యాహ్నానికి అవ్వ ముందు కూర్చుంటాను. ఆ వీలు ఇచ్చింది కాబట్టే కంటింజెన్సీ ఎంత తక్కువైనా నా ఓటు జేఆర్‌ఎఫ్‌కే.

యూజీసీ నాకు ఉత్తరం రాయమంటే ఒకటే అడుగుతాను: ఫీల్డు పని చేసే లింగ్విస్టిక్స్ విద్యార్థుల కంటింజెన్సీని సైన్సు వాళ్ళతో సమానం చెయ్యండి. రికార్డరు మాకు ల్యాబు పరికరమే.

ఎంఏ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళు కూడా నెట్ రాయొచ్చు. ఎంఏలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 50. అప్లికేషన్లో కేటగిరీ సర్టిఫికెట్ నంబరు, తేదీ సరిచూసుకుని పంపండి. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ పాతదైతే కొత్తది ఇప్పుడే ఎమ్మార్వో ఆఫీసులో పెట్టించుకోండి.