స్టెల్వియో, గ్రోస్‌గ్లాక్నర్, సుస్టెన్: స్పోర్ట్స్ కారుకి ఏ కనుమ మేలు?

మా బాబాయి కొడుకు సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి మ్యూనిక్ వస్తున్నాడు. చేతిలో ఉన్నది నాలుగు రోజులు. కోరిక ఒకటే, స్పోర్ట్స్ కారు అద్దెకు తీసుకుని ఆల్ప్స్ కనుమలు ఎక్కాలి. ఫోన్ ఎత్తగానే వాడి మొదటి మాట, "అన్నా, స్టెల్వియో ఫిక్స్ కదా?" ఇంకా ఫిక్స్ చేయలేదన్నాను. వాడు నొచ్చుకున్నాడు. ఫోన్‌లో చెప్పబోతే వాదనైపోతోంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఇలాంటి ట్రిప్ అనుకుంటున్న వేరేవాళ్లకూ పనికొస్తుంది.

ముందు దూరం సంగతి తేల్చేద్దాం. రుమేనియాలోని ట్రాన్స్‌ఫగరాషన్ గొప్ప రోడ్డే. కానీ మ్యూనిక్ నుంచి పోనూ రానూ ప్రయాణానికే ఈ నాలుగు రోజులూ అయిపోతాయి. ఫ్రాన్స్‌లో జెనీవా సరస్సు దగ్గర మొదలై మధ్యధరా తీరం దాకా కనుమ తర్వాత కనుమగా సాగే దారి సుమారు 700 కిలోమీటర్లు. వారం రోజులు లేనిదే దాని జోలికి పోకూడదు. ఇక మిగిలినవి మూడు: ఇటలీలో స్టెల్వియో, ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లాక్నర్, స్విట్జర్లాండ్‌లో ఆండర్‌మాట్ చుట్టూ ఉన్న సుస్టెన్, గ్రిమ్‌సెల్, ఫుర్కా.

వీటిని పోల్చేటప్పుడు అందరూ ఎత్తు చూస్తారు, మలుపులు లెక్కపెడతారు. నేను మొదట చూసేది ఆ రోడ్డు ఏ బండి కోసం వేశారన్నది. మూడుచోట్లా నడిపాక నాకు తెలిసొచ్చిన విషయమిది.

స్టెల్వియో రోడ్డు 1820 నుంచి 1825 మధ్య వేశారు. అప్పట్లో ఉత్తర ఇటలీలోని లొంబార్డీ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉండేది. దాన్ని ఆల్ప్స్‌లోని టిరోల్ ప్రాంతంతో కలపడానికి కార్లో డొనెగాని అనే ఇంజనీరు ఈ దారి గీశాడు. గుర్రపు బండ్లు, సైన్యం సామాన్లు ఎక్కాలి. గుర్రం ఆయాసపడకుండా ఎక్కాలంటే ఏటవాలు తక్కువ ఉండాలి, అందుకు కొండను అటూ ఇటూ చుట్టుకుంటూ పోవాలి. ప్రాటో ఊరి వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు వచ్చింది అలాగే. ఒక్కో మలుపు దగ్గర అంకె వేసిన రాయి ఉంటుంది. కింద 48తో మొదలై, ఎక్కేకొద్దీ అంకె తగ్గుతూ పైన 1కి చేరుతుంది. కనుమ ఎత్తు 2757 మీటర్లు. తూర్పు ఆల్ప్స్‌లో తారు వేసిన కనుమ దారుల్లో ఇంతకన్నా ఎత్తైనది లేదు. పై నుంచి కిందకు చూస్తే రోడ్డు రిబ్బను మడతపెట్టి పెట్టినట్టు ఉంటుంది. ఒక పక్క ఓర్ట్‌లర్ శిఖరం మంచుతో మెరుస్తుంటుంది. ఆ దృశ్యానికి వంక పెట్టలేను.

నడిపేవాడి సంగతి వేరు. నేను మొదటిసారి వెళ్లింది ఆగస్టులో, శనివారం, పదకొండు గంటలకు. ముందు ఒక క్యాంపర్ వ్యాన్, దాని ముందు పది మంది సైకిళ్లవాళ్లు, వెనక మోటార్ సైకిళ్ల గుంపు. మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. మూడో గేరు వేసేంత దారి దొరకదు, ఆలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది. ఆ మలుపులు ఎంత బిగువంటే, వెడల్పాటి కారు తిప్పాలంటే ముక్కు అవతలి వరుసలోకి పోవాల్సిందే. కాబట్టి ప్రతి మలుపుకీ ముందు తల పైకెత్తి, పై వరుసలో బస్సేమైనా దిగుతోందా అని చూసుకోవాలి. ఇరవై దాటాక ఒకచోట బస్సు దిగుతుంటే లోపలికి ఒదిగాను. కుడి వెనక చక్రం రాయిని రాసుకుంది. బియ్యంలో రాయి నలిగినట్టు చిన్న శబ్దం, అంతే. కారు తిరిగిచ్చేటప్పుడు అద్దె సంస్థవాళ్లు ఫోన్ టార్చి వేసి రిమ్ముమీద ఆ గీత వెతికి మరీ పట్టుకున్నారు. డిపాజిట్‌లోంచి కోసిన డబ్బుతో మంచి హోటల్లో రెండు రాత్రులు ఉండొచ్చు.

గ్రోస్‌గ్లాక్నర్ కథ వేరే కాలంది. ఆస్ట్రియాలో ఎత్తైన పర్వతం అదే, 3798 మీటర్లు. దాని పక్కనుంచి 48 కిలోమీటర్ల రోడ్డును ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజనీరు మోటారు కార్ల కోసమే రూపొందించాడు. 1935 ఆగస్టు 3న తెరిచారు, మర్నాడే అక్కడ కార్ల పందెం పెట్టారు. ఈ ఒక్క సంగతి చాలు రోడ్డు స్వభావం తెలియడానికి. మలుపులు 36, విశాలంగా ఉంటాయి, మధ్యలో మూడో గేరుకి చోటుంటుంది. పక్కదారి పట్టి కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్ గట్టుకు వెళ్తే కింద పాస్టెర్జె హిమానీనదం కనిపిస్తుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకుని ఇక్కడికే తీసుకెళ్తాను. పార్కింగ్, రెస్టారెంట్, టాయిలెట్ అన్నీ చక్కగా ఉంటాయి. మ్యూనిక్ నుంచి రెండున్నర గంటల దూరం.

అయితే రెండు ఇబ్బందులు. ఒకటి టోల్, కారుకి రోజుకి నలభై యూరోలు దాటింది. దాంతో వచ్చినవాళ్లంతా డబ్బుకి తగ్గట్టు నింపాదిగా చూసుకుంటూ పోతారు. వాళ్ల తప్పేం లేదు, అది చూడ్డానికి వేసిన రోడ్డే. రెండోది దిగుడు. 12 శాతం ఏటవాలు ఉన్నచోట్లు ఉన్నాయి. చిన్న గేరులో దిగమని బోర్డులు చెప్తూనే ఉన్నాయి. అయినా తొలిసారి ఆటోమేటిక్ కారుని మామూలు డ్రైవ్ (డీ) గేరులోనే వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగాను. ఫుష్ అనే ఊరి వైపు సగం దిగేసరికి కాలిన వాసన మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తగా లోపలికి పోసాగింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పక్కకు ఆపి అరగంట కూర్చున్నాను. మన ఘాట్ రోడ్లలో లారీ డ్రైవర్లు చెప్పే సూత్రమే ఇక్కడా: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఎంత ఖరీదైన బ్రేకులున్నా ఇందులో మినహాయింపు లేదు.

ఇక నా మనసు ఎక్కడుందో చెప్తాను.

ఆండర్‌మాట్ స్విట్జర్లాండ్ నడిబొడ్డున, 1400 మీటర్ల పైన ఉన్న ఊరు. అక్కడ దిగితే చుట్టూ కనుమలే. కిందికి వాసెన్‌కి దిగి, సుస్టెన్ ఎక్కి ఇన్నెర్ట్‌కిర్షెన్‌లో దిగి, గ్రిమ్‌సెల్ ఎక్కి గ్లెట్ష్‌లో దిగి, ఫుర్కా మీదుగా మళ్లీ ఆండర్‌మాట్‌కి వస్తే సుమారు 120 కిలోమీటర్ల చుట్టు. ఆపకుండా నడిపితే మూడు గంటలు పట్టేది, నాకు ఎప్పుడూ రోజంతా పడుతుంది.

ఈ మూడింట్లో సుస్టెన్ అంటే నాకు ప్రాణం. 1938లో మొదలుపెట్టి యుద్ధకాలమంతా పని చేసి, 1946లో రాకపోకలకు తెరిచారు. ఇది కూడా మొదటినుంచీ కార్లను దృష్టిలో పెట్టుకుని వేసినదే. ఎత్తు 2224 మీటర్లు, స్టెల్వియోతో పోలిస్తే ఐదొందల మీటర్లు తక్కువ. కానీ ఆ మలుపులు! ఒక మలుపు చేతిలోంచి జారకముందే రెండోది అందుతుంది. ముందున్న దారి చాలా దూరం కనిపిస్తుంది, ఎదురుగా ఎవరొస్తున్నారో ముందే తెలుస్తుంది, కాబట్టి భయపడకుండా లయ పట్టుకోవచ్చు. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. పైన సొరంగంలోకి వెళ్లి అవతలికి రాగానే ఎడమవైపు హిమానీనదం ఎదురవుతుంది. సెప్టెంబరు ఉదయం ఎనిమిదింటికి వెళ్తే ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేలోపు పట్టుమని పది కార్లు కనిపించవు.

ఫుర్కా పాతది, 1860ల నాటిది. ఎత్తు 2429 మీటర్లు. ఆండర్‌మాట్ వైపు ఇరుకు. అంచున చాలాచోట్ల రెయిలింగుకి బదులు రాళ్లు నిలబెట్టి ఉంటాయి, రాయికీ రాయికీ మధ్య లోయ. ఇక్కడ మాత్రం స్టెల్వియో పాఠం గుర్తుంచుకోవాలి. అవతలి వైపు మలుపులో బెల్వెడేర్ అనే పాత హోటల్ ఉంది, మూతపడి చాలా ఏళ్లయింది. దాని పక్కనే రోన్ హిమానీనదం. ఒకప్పుడు మంచు ఆ హోటల్ దగ్గరిదాకా ఉండేది. నేను వెళ్లిన ఏడాది మంచు కరగకుండా పైన తెల్లటి దుప్పట్లు కప్పి ఉన్నాయి. అక్కడక్కడ చిరిగి, మట్టి పట్టి, గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. రోన్ నది పుట్టేది అక్కడే. కారు ఆపి ఇంజిన్ కట్టేశాక దుప్పటి అంచుల నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. పెట్రోలు తగలేసుకుంటూ అంత దూరం వచ్చినవాణ్ని, తిరిగి కారు స్టార్ట్ చేయడానికి చాలాసేపు మనసొప్పలేదు.

స్విట్జర్లాండ్‌కి ఉన్న ఇబ్బందీ చెప్పాలి. ఖర్చు ఎక్కువ. హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల వినియెట్ (హైవే వాడకానికి చెల్లించే రుసుము స్టిక్కరు) కొనాలి, ఒక్కరోజుకైనా ఏడాదికైనా అదే ధర. కనుమల మీద టోల్ లేదు. ఊరి బయట వేగ పరిమితి 80. 80 ఉన్నచోట 140 తాకితే అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు, జైలు దాకా పోయే నేరం. రాడార్ కనిపెట్టే పరికరాలు వాడటం కూడా నిషేధమే. ఇంకో మర్యాద ఉంది: ఇరుకుచోట ఎదురైతే సాధారణంగా దిగేవాడే వెనక్కి తగ్గి ఎక్కేవాడికి దారివ్వాలి. పసుపుపచ్చ పోస్ట్ బస్సు వస్తే దాని డ్రైవరు చెప్పినట్టే వినాలి. మూలమలుపు ముందు ఆ బస్సు మూడు స్వరాల హారన్ కొడుతుంది. రోసిని స్వరపరిచిన విలియం టెల్ అనే ఒపెరా (సంగీత నాటకం) సంగీతంలోంచి తీసుకున్న స్వరాలవి. కొండల్లో అది వినబడగానే కాలు తనంతట తనే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది.

వేగం ఎలాగూ 80 దాటనప్పుడు ఏ కారు తీసుకోవాలి? మావాడి మనసంతా పోర్షే 911 మీద ఉంది. దాని కొత్త కారెరా మోడల్‌లో 385 హార్స్‌పవర్‌కి పైనే, బరువు టన్నున్నర, వెడల్పు 1.85 మీటర్లు. అద్దాలు కలుపుకుంటే రెండు మీటర్లు. నా ఓటు మాజ్డా ఎంఎక్స్-5కి. బరువు టన్నుకి కాస్త ఎక్కువ, వెడల్పు 1.74 మీటర్లు, పైకప్పు చేత్తో వెనక్కి తోసేయొచ్చు. చిన్న ఇంజిన్‌తో 132 హార్స్‌పవర్, పెద్దదైతే 184. 911లో రెండో గేరులో కాస్త గట్టిగా తొక్కితేనే 80 దాటేస్తుంది, ఇక మిగతా గేర్లకి పనేముంది? మాజ్డాలో ఇంజిన్ గొంతెత్తి పాడేదాకా తొక్కినా హద్దులోనే ఉంటాం. ఆవుల మెడలో గంటలు వినిపిస్తాయి.

911 పక్షాన న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2500 మీటర్ల ఎత్తులో గాలి కింద కన్నా ఐదో వంతుకి పైగా పలచబడుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని మాజ్డా ఇంజిన్ ఆ మేరకు నీరసిస్తుంది. టర్బో ఉన్న 911కి ఆ తేడా పెద్దగా తెలియదు. ఇంకోటి సామాను. మాజ్డా డిక్కీ 130 లీటర్లు, రెండు చిన్న మెత్తటి బ్యాగులు పడితే గొప్ప. మావాడు పిన్ని కట్టిచ్చే పచ్చళ్ల డబ్బాలు మా ఇంట్లో దింపేసే బయల్దేరాలి.

అద్దె కాగితాల్లో మూడు విషయాలు చూస్తాను: రోజుకి ఎన్ని కిలోమీటర్లు ఉచితం, ఏయే దేశాల్లోకి తీసుకెళ్లొచ్చు, టైర్లకీ రిమ్ములకీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా. మూడోది నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. మావాడు అక్కడ ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఇక్కడ కుడిపక్కన నడపాలి కాబట్టి మొదటిరోజు స్టీరింగ్ నాదే.

సెప్టెంబరు రెండో వారం, సోమవారం నుంచి గురువారం అనుకుంటున్నాను. వేసవి సెలవుల రద్దీ తగ్గుతుంది, కనుమలు మామూలుగా అక్టోబరు దాకా తెరిచే ఉంటాయి. మంచు పడితే ఏ రోజైనా మూసేయొచ్చు కాబట్టి గదులు రద్దు చేసుకునే వీలుతోనే తీసుకున్నాను. ఆండర్‌మాట్‌లో రెండు రాత్రులు, మూడో రాత్రి శాంటా మరియా అనే చిన్న ఊళ్లో. మూడో రోజు ఓబెరాల్ప్, ఫ్లూయెలా కనుమల మీదుగా అక్కడికి చేరతాం. ఆ ఊరి నుంచి ఉంబ్రైల్ కనుమ ఎక్కితే నేరుగా స్టెల్వియో కనుమ పైభాగానికి కాస్త కిందే తేలతాం. గురువారం ఉదయం ఆరింటికి బయల్దేరితే సైకిళ్లవాళ్లు, బస్సులు రాకముందే పైన ఉంటాం. అక్కడినుంచి ప్రాటో వైపు దిగుడు, రెండో గేరులో, 1 నుంచి 48 దాకా. ఆ గంట స్టీరింగ్ మావాడిది.