పెంకులా, రేకులా: ఇంటి కప్పు మార్చేటప్పుడు

పాత కప్పు తీసి కొత్తది వేయించేటప్పుడు మట్టి పెంకులకూ జింకు పూత ఉన్న ఉక్కు రేకులకూ మధ్య ముందుగా చూడవలసింది అందం కాదు, బరువు. పెంకుల కప్పు చదరపు మీటరుకు సుమారు 40 నుంచి 60 కిలోలు తూగుతుంది. అర మిల్లీమీటరు మందం గల రేకు 5 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. అందువల్ల రేకులు తీసి పెంకులు వేయించదలిస్తే, వాసాలు, దూలాలు, గోడలు ఆ భారాన్ని మోయగలవో లేదో ఇంజనీరుకు చూపించక తప్పదు.

పెంకు పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు; ఎండ వేడి కూడా నెమ్మదిగా దిగుతుంది. రేకు త్వరగా కాగుతుంది, వాన పడితే ఇంట్లో మాట వినపడదు. అయినా అతుకులు తక్కువ కాబట్టి, వాలు తక్కువగా ఉన్న కప్పుకు రేకే నయం. అది కారడం సాధారణంగా మరమేకు దగ్గర మొదలవుతుంది: దాని కింది రబ్బరు వాషరు ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది, లేదా బిగింపు ఎక్కువై పక్కకు ఉబుకుతుంది.

రేకుల కాంట్రాక్టరు చేత మొత్తం ధరే కాక రేకు మందం, పూత, మరమేకుల రకం, పాత సామాను తొలగింపు, కారితే బాధ్యత ఎన్నేళ్లు అన్నవి విడివిడిగా రాయించుకోవాలి. పెంకుల పనికైతే, ఆ పని చేసే మేస్త్రీ కొన్నేళ్ల కిందట నేసిన కప్పును వానల తరువాత లోపలి నుంచి చూసి, వాసాల మీద తేమ మరకలు ఉన్నాయేమో గమనించడం మేలని నా అభిప్రాయం.