ఆర్‌ఏ ఫ్యాక్టరా, యాంటీ సీసీపీనా: కీళ్ళవాతం అనుమానం వస్తే ఏది మేలు?

చెన్నైలో కాపురమున్న తెలుగువాళ్ళ ఇళ్ళకు నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు నుంచి చుట్టాలు వైద్యానికి వస్తూనే ఉంటారు. సెంట్రల్లో రైలు దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. కీళ్ళ నొప్పులతో వచ్చేవాళ్ళ సంచీలో ఊళ్ళో ల్యాబు వాళ్ళిచ్చిన కాగితం తప్పకుండా ఉంటుంది: ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎస్‌ఓ, సీఆర్‌పీ, యూరిక్ యాసిడ్. ఆర్‌ఏ పాజిటివ్ అని ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. నెగటివ్ అని ఉంటే వాతం కాదులే అనుకుని ఇంకో ఏడాది నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తారు. నాకు ఆ రెండో రకం వాళ్ళను చూస్తేనే ఎక్కువ బాధ.

రెండు పరీక్షల్లో ఒక్కదానికే డబ్బులున్నాయంటే యాంటీ సీసీపీయే చేయించుకోమంటాను. అయితే సూది గుచ్చకముందే చేతులు చూడాలి.

ఇక్కడ కీళ్ళవాతమంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, పొట్టిగా ఆర్‌ఏ. ఇందులో మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పల్చటి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, మెల్లగా పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. సాధారణంగా మొదట పట్టుకునేది చిన్న కీళ్ళను: వేళ్ళ మొదటి, నడిమి కణుపులు, మణికట్లు, కాలివేళ్ళ మొదళ్ళు. చాలామందిలో రెండు వైపులా వస్తుంది. గోటి దగ్గరి కణుపును మాత్రం మామూలుగా వదిలేస్తుంది. ఆడవాళ్ళలో మగవాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

మా పిన్ని పొద్దున ఆరింటికి కాఫీ ఫిల్టరు పై గిన్నె ఊడదీయలేకపోయేది. ‘వేళ్ళు మడవనీయవు నాయనా, తొమ్మిదయ్యాక దారికొస్తాయి’ అనేది. రోగమేదో తెలుసుకోవడానికి ఆ ఒక్క మాటలో చాలా ఉంది. అరిగిన మోకాళ్ళ బిగుతు లేచి నాలుగడుగులు వేస్తే, మహా అయితే అరగంటలో, సడలుతుంది. పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. కీళ్ళవాతపు బిగుతు గంట దాటినా వదలదు, పని చేస్తుంటే తగ్గుతుంది. ఇంకోటి కూడా చూడండి. పిడికిలి బిగిస్తే కణుపుల మధ్య పల్లాలు కనబడాలి. పిన్ని చేతిలో అవి పూడిపోయి ఉన్నాయి. నాలుగు కణుపులూ కలిపి అడ్డంగా మెల్లగా నొక్కితే చెయ్యి లాగేసుకునేది.

ఇప్పుడు రక్తం సంగతి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీని వెతికేది పాత పరీక్ష, దాని మూలాలు 1940లో నార్వే వైద్యుడు వాలర్ చేసిన పరిశోధనలో ఉన్నాయి. రోగుల్లో సుమారు 70 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. చిక్కేమిటంటే హెపటైటిస్ సీ, క్షయ, కళ్ళూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తుంది, ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళలో కొందరికీ ఉంటుంది. అరవై దాటి, మోకాళ్ళు అరిగినావిడకు ఆర్‌ఏ కాస్త పైన ఉందని కీళ్ళవాతం ముద్ర వేయడం అన్యాయం.

యాంటీ సీసీపీ ఖరీదెక్కువ. ఆర్‌ఏ కొన్ని వందల్లో అయిపోతే, ఇది చాలాచోట్ల వెయ్యి దాటుతుంది. కానీ ఇది పాజిటివ్ అయితే నమ్మవచ్చు, ఈ జబ్బు లేనివాళ్ళలో సుమారు 95 శాతం మందికి నెగటివే వస్తుంది. ఒంట్లో రసాయనికంగా మారిన కొన్ని ప్రోటీన్లను శత్రువులనుకుని శరీరం తయారుచేసే యాంటీబాడీలివి. పొగతాగడం, చిగుళ్ళ జబ్బు ఆ మార్పుకు దోహదం చేస్తాయి, కొన్ని రకాల జన్యువులున్నవాళ్ళలో మరీను. నొప్పి మొదలవడానికి కొన్నేళ్ళ ముందే ఇవి రక్తంలో ఉండవచ్చు. ఎముక కోసుకుపోయే ముప్పు ఎవరికి ఎక్కువో కూడా ఈ పరీక్ష కొంత చెబుతుంది.

ఇంత మంచి పరీక్షా మూడోవంతు రోగుల్లో నెగటివే. రెండూ నెగటివ్‌గా ఉన్న కీళ్ళవాతమూ ఉంది. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (వాతరోగాల వైద్యం) సంఘాలు కలిసి ఇచ్చిన మార్కుల పద్ధతి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. మొత్తం 10, కీళ్ళవాతమనడానికి కావాల్సినవి 6. కీళ్ళకు 5 దాకా, ఆర్‌ఏ, సీసీపీ రెండింటికీ కలిపి 3 దాకా, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ పెరిగితే 1, ఆరు వారాలు నిండితే 1. చిన్న కీళ్ళతో కలిపి పదికి మించి కీళ్ళు పట్టుకుని, సీఆర్‌పీ పెరిగి, ఆరు వారాలు దాటితే యాంటీబాడీలు లేకుండానే 7 వస్తాయి. అదే ఒక్క మోకాలే వాచినవాళ్ళకు రక్తం మార్కులన్నీ పడి, ఆరు వారాలు నిండినా 5 దగ్గరే ఆగిపోతుంది. ఇది ప్రధానంగా పరిశోధనల కోసం చేసిన లెక్కే, వేరే జబ్బుతో ఆ వాపు రాలేదని తేల్చుకున్నాకే వాడాలి. అయినా కీళ్ళకు ఎంత బరువిచ్చారో చూడండి.

వేరే జబ్బు అంటే మన వైపు ముందు గుర్తు రావాల్సింది చికున్‌గున్యా. 2006లో ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో అది ఊళ్ళకు ఊళ్ళనే మంచాన పడేసింది. జ్వరం తగ్గినా రెండు చేతుల కణుపులూ నెలల తరబడి అచ్చం కీళ్ళవాతంలాగే వాచి బిగుసుకుంటాయి. అందుకే ఈ మధ్య జ్వరం వచ్చిందా అన్నది డాక్టరు అడక్కపోయినా చెప్పండి.

ఎక్స్‌రేనా, అల్ట్రాసౌండా? తొలి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, లోపలి పొర వాపును అల్ట్రాసౌండ్ చూపిస్తుంది. డాక్టరు చేత్తో నొక్కి చూసినప్పుడే వాపు స్పష్టంగా తెలుస్తుంటే, చేతులకూ పాదాలకూ ఒక ఎక్స్‌రే తీయించి దాచుకోండి, ముందు ముందు పోల్చుకోవడానికి.

డాక్టరు విషయంలో నాకు తటపటాయింపు లేదు. ఎముకల డాక్టరు కంటే ముందు రుమటాలజిస్టు దగ్గరికే వెళ్ళాలి. సెంట్రల్ ఎదుటి పెద్దాసుపత్రిలోనే మద్రాసు మెడికల్ కాలేజీ రుమటాలజీ విభాగం ఉంది. మందు తొలి కొద్ది నెలల్లో పడితే కీళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. చూపించుకోబోయే ముందు ఎవరో చెప్పారని స్టెరాయిడ్ బిళ్ళలు మింగొద్దు, వాపు దిగిపోయి డాక్టరు చేతికి ఏమీ తగలదు. డాక్టరే రాసినవి వాడుతుంటే మీ అంతట ఆపకుండా చీటీ చూపించండి. పొద్దున వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోనులో చేతుల ఫొటో తీసి తీసుకెళ్ళండి. జబ్బు తేలాక ప్రతిసారీ ఆర్‌ఏ, సీసీపీలకు మళ్ళీ డబ్బు పోయనక్కర్లేదు. మందు పనిచేస్తోందో లేదో చెప్పేవి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, వాచిన కీళ్ళ లెక్కా.