‘కొత్త వెర్షన్‌లో అన్నీ ఉన్నాయి’ అన్న మాట నమ్మి పై ప్లాన్‌కు మారకండి: అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మాకు ఎదురైన ఇబ్బందులు

లెక్కలు, సరుకు నిల్వ, ఇన్వాయిస్‌లు ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు, ముఖ్యంగా కొత్త వెర్షన్‌లోని ఫీచర్ల కోసం పై ప్లాన్‌కు మారుదామనుకుంటున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. మా సంస్థ చాలా కాలంగా వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిందని చెప్పి, దాన్ని అమ్మినవారు మూడు ఫీచర్లను డెమోలో చూపించారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను మన ఖాతాలతో తనంతట తానే సరిచూడటం, బాకీ ఉన్నవారికి గుర్తుచేసే సందేశాలు పంపడం, కొనుగోలు ఆర్డర్లకు అంచెలవారీగా ఆమోదం తీసుకోవడం అనేవి ఆ మూడు. వాటిని చూపించి ఏడాది చందాను పై ప్లాన్‌కు మార్పించారు. వాటిలో ఆర్డర్ల ఆమోదం ఇప్పటికీ రాలేదు, బ్యాంకు సరిచూపు వచ్చి నష్టం చేసింది. బాకీ సందేశాల ఫీచర్ చెప్పిన పనిని చెప్పినట్టే చేసింది గానీ, బ్యాంకు సరిచూపుతో కలవడం వల్ల అదే మా కొంప ముంచింది.

రానిదాని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆర్డర్ల ఆమోదం డెమోలో చక్కగా నడిచింది, డబ్బు కట్టాక మా మెనూలో మాత్రం కనిపించలేదు. సపోర్టు వారిని అడిగితే, అది ఇంకా ప్రివ్యూ దశలో ఉందనీ, ఎంపిక చేసిన ఖాతాలకే తెరిచామనీ, మీ వంతు ఎప్పుడో చెప్పలేమనీ సమాధానం వచ్చింది. ప్రివ్యూ, బీటా అంటే ఇంకా పరీక్షలో ఉన్నదని అర్థం. జనరల్ అవైలబిలిటీ అన్నప్పుడే అది ఆ ప్లాన్‌లోని కొనుగోలుదారులందరికీ విడుదలైనట్టు లెక్క. రోడ్‌మ్యాప్‌లో, అంటే ముందుముందు తేదలచిన ఫీచర్ల జాబితాలో, ఉందంటే అది ఉద్దేశమే తప్ప హామీ కాదు. పైగా, ఫీచర్లను ఎప్పుడైనా మార్చవచ్చు, తీసివేయవచ్చు అనే షరతు చందా ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది కనుక, డెమోలో విన్న మాటను పట్టుకుని తర్వాత వాదించడం కష్టం. మీకు కావలసిన ఫీచర్ పేరు, అది ఏ ప్లాన్‌లో ఉంది, ఈ రోజున మీ ఖాతాలో తెరుచుకుంటుందా లేదా అనే మూడు విషయాలను ఈమెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

అసలు నష్టం బ్యాంకు సరిచూపుతో జరిగింది. ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే మొత్తానికి ఇన్వాయిస్‌లు ఉన్నాయి. వారిలో ఒకరు డబ్బు పంపారు, మరొకరు పంపలేదు. స్టేట్‌మెంట్‌లో రిఫరెన్స్ నంబరు స్పష్టంగా ఉన్నా, సాఫ్ట్‌వేర్ డబ్బు మొత్తాన్నీ తేదీనీ మాత్రమే చూసి, వచ్చిన డబ్బును పంపనివారి ఇన్వాయిస్‌కు జమ చేసింది. జత కుదిరిన పద్దులను మనిషి చూడకుండానే ఖాయం చేసే సెట్టింగ్ అప్‌డేట్‌తోపాటే ఆన్ అయి వచ్చింది కాబట్టి ఎవరికీ ప్రశ్న కనిపించలేదు, ఆ పద్దు పక్కన ఆకుపచ్చ టిక్కు మాత్రం పడింది. గడువు దాటగానే సందేశాల ఫీచర్ తన పని తాను చేసి, డబ్బు కట్టినవారికే మీరు బాకీ ఉన్నారంటూ తాఖీదు పంపింది. కట్టనివారికి ఏ సందేశమూ వెళ్లలేదు. తప్పుగా కుదిరిన జతలన్నిటినీ ఒక్కసారిగా విడదీసే వీలు లేకపోవడంతో, ఒక్కొక్క పద్దునూ తెరిచి, విడదీసి, సరైన ఇన్వాయిస్‌కు మళ్లీ జతచేయవలసి వచ్చింది. పోయిన మాటను తెచ్చుకోవడం అంతకంటే కష్టమైంది.

పాత వెర్షన్‌కే వెళ్లిపోదామంటే ఆ దారి కూడా మూసుకుపోయింది. పెద్ద అప్‌డేట్ వేసినప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు డేటా ఫైలు నిర్మాణాన్నే మారుస్తాయి. అలా మారిన ఫైలును పాత వెర్షన్ చదవలేకపోతే, అప్‌డేట్‌కు ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే గతి, ఆ తర్వాత నమోదైన పద్దులన్నీ చేత్తో మళ్లీ ఎక్కించవలసిందే. నచ్చకపోతే వెనక్కి మారవచ్చని అమ్మేటప్పుడు మాకు చెప్పిన మాటలో ఈ వివరం లేదు. మీరు బ్యాకప్ తీసి ఊరుకోకుండా, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, చివరి నెల ముగింపు నిల్వలు సరిపోతున్నాయో లేదో చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

డెమోలో వాడే డేటాలో పేర్లు తప్పుగా ఉండవు, ఒకే మొత్తం రెండుసార్లు రాదు, ఎవరూ సగం డబ్బు కట్టి మిగతాది తర్వాత ఇస్తామనరు. అందువల్ల మీ డేటా నకలుపైనే పరీక్షించి చూపమని పట్టుబట్టండి. ఇప్పటికే సరిచూసి ముగించిన ఒక నెల లెక్కలను ఇస్తే సరైన జవాబు మీ దగ్గర ముందే ఉంటుంది కనుక, సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడిందో వెంటనే తెలుస్తుంది. పాక్షిక చెల్లింపులు, తిరిగొచ్చిన సరుకు, ఒకే మొత్తపు ఇన్వాయిస్‌లు ఆ నెలలో ఉండేట్టు చూసుకోండి. కొత్తగా వచ్చిన ఆటోమేటిక్ సెట్టింగ్‌లన్నిటినీ మొదట ఆఫ్ చేసి, ఫలితం నమ్మదగినదని తేలాక ఒక్కొక్కటిగా ఆన్ చేయడం క్షేమం. బయటివారికి సందేశాలు పంపేవాటిని అన్నిటికంటే చివర ఆన్ చేయాలి.

కొత్త ఫీచర్ మన దగ్గర పనిచేసినా, మనతో ఫైళ్లు పంచుకునేవారి దగ్గర పనిచేయకపోవచ్చు. పట్టికలో ఒక విలువను వెతికి దానికి సంబంధించిన సమాచారాన్ని తెచ్చిపెట్టే, మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్ ఫార్ములా ఎక్సెల్ 2016, 2019 వెర్షన్లలో లేదు. దానితో తయారుచేసిన పట్టికను ఆ వెర్షన్లలో తెరిచి మళ్లీ లెక్కింపజేస్తే అంకె ఉండవలసిన చోట ఎర్రర్ వస్తుంది. మీ ఆడిటరు ఏ వెర్షన్ వాడుతున్నారో ముందే అడగడం మంచిది.

అప్‌డేట్‌ను కార్యాలయంలోని కంప్యూటర్లన్నిటిలో ఒకేసారి వేయమని తొందరపెడితే ఒప్పుకోకండి. 2024 జులై 19న కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ విడుదల చేసిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ కూడా అలాంటి అప్‌డేట్లను అంచెలంచెలుగా విడుదల చేస్తామని ప్రకటించింది. అయితే భద్రతా లోపాలను సరిచేసే ప్యాచ్‌లను నెలల తరబడి ఆపాలని నేను చెప్పడం లేదు. వాటిని ఒక కంప్యూటర్‌లో వేసి చూసి, వెంటనే మిగతావాటికి వేయాలి. నిదానించవలసింది కొత్త ఫీచర్ల విషయంలోనే.

మా ఫిర్యాదుకు, చందా గడువు ముగిసేవరకు కింది ప్లాన్‌కు మార్చలేమనీ, రాని ఫీచర్‌కు డబ్బు తిరిగి ఇచ్చే నియమం లేదనీ జవాబిచ్చారు. ఆటోమేటిక్ రెన్యువల్‌ను ఆపివేసి, వేరే సాఫ్ట్‌వేర్‌కు మారే పనిలో ఉన్నాం. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు పద్దులు సీఎస్‌వీ ఫైలుగా (వరుసలవారీగా అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండే సాదా ఫైలుగా) వచ్చాయి గానీ, వాటికి జోడించిన బిల్లుల స్కాన్ కాపీలు, ఏ పద్దును ఎవరు ఎప్పుడు మార్చారనే చరిత్ర రాలేదు. మీరు కూడా మారాలనుకుంటే, చందా ఇంకా నడుస్తున్నప్పుడే వాటిని విడిగా డౌన్‌లోడ్ చేసుకోండి.