40 వాట్ల "మాడిఫైడ్" మైక్రో బిటెక్స్ కొనబోతున్నారా? జాగ్రత్త

హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులకు, ముఖ్యంగా కొత్తగా లైసెన్సు చేతికొచ్చి మొదటి హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్ కోసం వెతుకుతున్నవాళ్లకు ఈ మాట. మైక్రో బిటెక్స్ అంటే తక్కువ పవర్‌తో పంపడం, వినడం రెండూ చేసే హెచ్‌ఎఫ్ సెట్. "ఫుల్లీ మాడిఫైడ్ మైక్రో బిటెక్స్, 40 వాట్లు గ్యారంటీ" అని ఎవరైనా అమ్మజూపితే వెంటనే డబ్బు పంపేయకండి. నేను అలాంటి సెట్టే కొన్నాను. మామూలు సెట్ ధర మీద ఆరు వేలు ఎక్కువ తీసుకున్నారు. అమ్మినాయన పేరు పెట్టను. ఇలాంటి సెట్లు అమ్మేది ఆయనొక్కరే కాదు, కాబట్టి పేరు కన్నా సెట్‌ని ఎలా పరీక్షించాలో తెలియడమే మీకు ఉపయోగం.

తప్పు డిజైన్‌ది కాదని ముందే చెప్పాలి. మైక్రో బిటెక్స్ మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ గారిది. సర్క్యూట్ అందరికీ బహిరంగంగా ఇచ్చారు, అది ఎంతోమందికి బడి లాంటిది. 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) సుమారు 10 వాట్లు ఇస్తుంది, పై బ్యాండ్లకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఫైనల్స్‌లో, అంటే సిగ్నల్‌కి చివరిగా బలమిచ్చే దశలో, ఉండేవి రెండు ఐఆర్‌ఎఫ్510లు. అసలు స్విచింగ్ పనికి తయారైన చవక మాస్‌ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) అవి. 12 వోల్టుల దగ్గర, తగిన హీట్ సింక్ మీద చక్కగా పనిచేస్తాయి.

నా సెట్ మూత తీస్తే లోపల ఫైనల్స్‌కి 24 వోల్టులు ఇవ్వడానికి వోల్టేజీ పెంచే ఒక బూస్ట్ కన్వర్టర్ మాడ్యూల్ టేపుతో అంటించి ఉంది. రెండు ఫైనల్స్‌కీ కలిపి ఒకటే చిన్న హీట్ సింక్. ఐఆర్‌ఎఫ్510 వెనక ఉండే లోహపు ట్యాబ్, వోల్టేజీ అందే డ్రెయిన్ కాలికి కలిసి ఉంటుంది, అందుకే కింద ఇన్సులేషన్‌కి మైకా రేకు వేయాలి. ఇక్కడ ఒకదాని కిందే వేశారు. అంటే హీట్ సింక్ మొత్తానికీ 24 వోల్టులు ఉన్నట్టే, క్యాబినెట్‌కి తగిలిందంటే షార్టే. వీటన్నిటికన్నా ఘోరం, లో పాస్ ఫిల్టర్‌లో కొన్ని కెపాసిటర్లు పీకేశారు. అడిగితే "లాస్ తగ్గించడానికి ఓఎం (మిత్రమా)" అన్నారు.

ఆ ఫిల్టర్ ఉన్నది హార్మోనిక్స్‌ని, అంటే మన ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సిగ్నల్స్‌ని, ఆపడానికి. అది తీసేస్తే వాట్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది, నిజమే. కానీ మామూలు డయోడ్ మీటర్‌కి అసలు సిగ్నల్ ఏదో హార్మోనిక్ ఏదో తెలియదు, అన్నీ కలిపి చూపిస్తుంది. 7.100 మెగాహెర్ట్జ్‌లో సీడబ్ల్యూ (మోర్స్) కీ నొక్కితే ఊరికి అవతల ఉండే మిత్రుడికి 14.200లో టోన్ గట్టిగా వినిపించింది. అక్కడైతే కనీసం మన బ్యాండే. 14.200లో కీ నొక్కితే మూడో హార్మోనిక్ 42.6 మెగాహెర్ట్జ్‌లో పడుతుంది, అది మనది కాదు. ఎవరికైనా ఇంటర్‌ఫియరెన్స్ వస్తే జవాబు చెప్పాల్సింది లైసెన్సు ఉన్న మీరు, సెట్ మార్చి అమ్మిన మనిషి కాదు.

రిసీవ్ కూడా పాడైంది. యాంటెన్నా తీసేసినా స్పీకర్‌లో హోరు తగ్గలేదు. బూస్ట్ మాడ్యూల్‌కి కరెంట్ కట్ చేస్తే ఆగిపోయింది. చివరికి ఫైనల్స్ రెండూ కాలిపోయాయి. మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ బయాస్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడూ పారేది) పెరుగుతుంది, పెరిగిన కరెంట్ ఇంకా వేడి చేస్తుంది. "మీ యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్ బాగాలేదేమో" అని అమ్మినాయన నుంచి జవాబొచ్చింది. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నా సెట్‌కి ఎంత సరిపోలిందో చెప్పే కొలత. కాలిపోయింది డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద ఉండగా! ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కొనేముందు ఒక్క చిన్న లెక్క చూడండి. ఈ రకం ఫైనల్స్ సామర్థ్యం దాదాపు సగం. 40 వాట్లు బయటికి రావాలంటే 80 వాట్ల దాకా లోపలికి వెళ్లాలి, 13.8 వోల్టుల దగ్గర అది ఇంచుమించు 6 ఆంపియర్లు. పవర్ సప్లై మీద 3 ఆంపియర్లే కనిపిస్తుంటే ఆ 40 వాట్లు అబద్ధం. వీడియో పంపితే అమ్మీటర్ కూడా కనబడేలా తీయమనండి. డమ్మీ లోడ్ మీద రెండు నిమిషాలు కీ పట్టి ఉంచి చూపించమనండి. మూత తీసిన ఫోటోలు, ఫిల్టర్ దగ్గరగా తీసినవి అడగండి. ఫోటో ఇవ్వడానికి వెనకాడితే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

ఇంతకీ 10 వాట్లు నిజంగానే 40 అయ్యాయనుకుందాం. పెరిగేది 6 డెసిబెల్స్, అవతలివాళ్ల ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) మీద ఒక్క ఎస్ యూనిట్. దాని కోసం ఆరు వేలా? ఆ డబ్బుతో మంచి కోయాక్స్ కేబుల్ కొని, 20 మీటర్ల తీగతో 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ యాంటెన్నా వీలైనంత ఎత్తున కట్టండి. పగటిపూట 10 వాట్లతోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో హాయిగా క్యూఎస్ఓలు (సంభాషణలు) అవుతాయి. మాడిఫికేషన్ అంటేనే నాకు వ్యతిరేకత లేదు. ఏజీసీ (వినిపించే స్థాయిని తనంతట తానే సర్దేది) పెట్టుకోండి, సీడబ్ల్యూ ఫిల్టర్ వేసుకోండి, పెద్ద హీట్ సింక్ బిగించండి. ఇవి మీ చేతులతో మీరే చేయగలిగినవి, మొదటి రెండిటితో వినికిడి నిజంగా బాగుపడుతుంది.

ఇలాంటి సెట్ ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే దాన్ని యాంటెన్నాకి పెట్టి ట్రాన్స్‌మిట్ చేయకండి. ముందు బూస్ట్ మాడ్యూల్ తీసేసి ఫైనల్స్‌ని 12 వోల్టులకు మార్చండి, పీకేసిన కెపాసిటర్లను సర్క్యూట్ చూసి అవే విలువలతో తిరిగి వేయండి. విజయవాడ చుట్టుపక్కల వాళ్లకు చేయడం కష్టమైతే ఇక్కడే రాయండి. డమ్మీ లోడ్ నా దగ్గరుంది, ఏ ఆదివారమైనా కూర్చుని సరిచేద్దాం.