800 ట్రావెల్ మీద 1300 జాబ్: పిన్ను పద్ధతి చాలాకాలం వాడాక

ఎక్స్ ట్రావెల్ (టేబుల్ అడ్డంగా కదిలే దూరం) 800 మి.మీ. ఉన్న వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) మీద 1300 పొడవు పట్టీ జాబ్ చేయాలంటే ముందు ఒక సగం కోసి, జాబ్ జరిపి, మిగతా సగం కోయాలి. జరపడం తేలికే. జరిపిన జాబ్ ఇప్పుడు సరిగ్గా ఎక్కడుందో మెషిన్‌కి చెప్పడంలోనే తంటా అంతా. స్టీలు, అల్యూమినియం రెండింటి మీదా చాలాకాలం వాడాక తేలింది ఇది: జాబ్ రంధ్రంలో దూరే పిన్ను జాబ్‌ను సుమారుగా చోటుకు తెస్తుంది, లెక్కకు మాత్రం ఆ రంధ్రం సెంటర్‌ను డయల్‌తో (సూది గేజితో) పట్టుకోవాల్సిందే.

మా అమరిక ఇలా ఉంటుంది. మొదటి సెట్టింగ్‌లో 0 నుంచి 720 దాకా కోస్తాం. అందులోనే 570 దగ్గర ఒకటి, 710 దగ్గర ఒకటి 8 మి.మీ. రిఫరెన్స్ రంధ్రాలు వేస్తాం. డ్రాయింగ్‌లో ఆ చుట్టుపక్కల రీమ్ రంధ్రాలు (రీమర్ టూలుతో కచ్చితమైన కొలతకు తెచ్చినవి) ఎలాగూ ఉంటే వాటినే వాడుకోవచ్చు. జాబ్‌ను 560 జరిపితే ఆ రెండూ 10, 150 దగ్గరికి వస్తాయి, అటు చివర 740కి వస్తుంది. రెండు సెట్టింగ్‌లూ ట్రావెల్‌లోపలే ఉంటాయి.

డ్రిల్ కొంచెం పక్కకి పోతే రీమర్ కూడా దాని వెనకే పోతుంది. అందుకే 7.8 డ్రిల్ తర్వాత నేరుగా రీమర్ దించకుండా, మధ్యలో చిన్న ఎండ్ మిల్‌ను (పక్కలతోనూ కోసే టూలు) రంధ్రంలో గుండ్రంగా తిప్పి సరిచేయడం మేలు. ఇంకో పని చాలామంది వదిలేస్తారు: క్లాంపు విప్పకముందే డయల్ తిప్పి రెండు రంధ్రాల అసలు సెంటర్లు రాసుకోవాలి. ప్రోగ్రామ్‌లో 570 అని ఉన్నంత మాత్రాన రంధ్రం 570లో పడిందని కాదు. రెండో సెట్టింగ్‌లో జీ55 (జాబ్ సున్నా ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే కోడ్) లెక్క ఈ రాసుకున్న అంకెల నుంచే కట్టాలి.

టేబుల్ మీది ప్లేటులో పిన్నులు కొట్టి, 560 కచ్చితంగా జరిగిందని అనుకుని నేరుగా కోసేయడం ఇంకో రకం. వేగంగా అవుతుంది. కానీ 8 H7 రంధ్రంలో h6 పిన్ను పెడితే (ఇవి కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తులు) ఆట, అంటే వదులు, 24 మైక్రాన్ల దాకా ఉండొచ్చు. ఆట పోవాలని మామూలు m6 డోవెల్ (రంధ్రంలో బిగువుగా కూర్చునే పిన్ను; ఎం6 బోల్టు కాదు) వాడితే బిగుసుకుంటుంది, ప్రతి జాబ్‌కీ కొట్టి పీకితే రంధ్రం అంచు చెడుతుంది. బోల్టు రంధ్రాలకు ఈ పద్ధతి సరిపోతుంది కానీ లీనియర్ గైడు కూర్చునే ముఖానికి పనికిరాదు.

పొడవు దిశలో తప్పు కంటే కోణంలో తప్పు ఎక్కువ బాధ పెడుతుంది. రంధ్రాల మధ్య దూరం 140. అక్కడ 0.01 తేడా ఉంటే, 710 రంధ్రం దాటి ఇంకో 590 మి.మీ. పోయేసరికి అది 0.04 అవుతుంది. జీ68 కోడ్‌తో ప్రోగ్రామ్‌నే ఆ కోణానికి తిప్పినా, కంట్రోలర్ కోణాన్ని 0.001 డిగ్రీ మెట్లలోనే తీసుకుంటే ఆ ఒక్క మెట్టే అటు చివర 10 మైక్రాన్లు. కాబట్టి ఎక్స్‌కు ఒక రంధ్రం, కోణానికి జాబ్ అంచు ఆనుకునేలా గ్రైండింగ్ చేసిన పొడవాటి పట్టీ టేబుల్ మీద పెట్టుకుంటే నయం. ఆ పట్టీ టేబుల్ దాటి బయటికి వచ్చినా సరే, ఆనే రెండు చోట్ల మధ్య 700 ఉండాలి. అయితే జాబ్ అంచు ముందే తిన్నగా ఉండాలి, ఆ అంచును కోయడానికీ ట్రావెల్ చాలదు! అంచు బయట గ్రైండింగ్ చేయించుకుని మొదలుపెడితే తలనొప్పి సగం తగ్గుతుంది.

జరపడానికి బదులు జాబ్‌ను 180 డిగ్రీలు తిప్పి పెట్టడం మాకు ఎక్కువ నచ్చింది. రంధ్రాలు 590, 710లో వేస్తే నడిమి 650 చుట్టూ సమానంగా ఉంటాయి, తిప్పాక ఒకటి ఇంకోదాని చోటుకు వస్తుంది. వేలాడే భాగం రెండుసార్లూ ఒకే పక్కన ఉంటుంది కాబట్టి సపోర్టు ఒక్కవైపు చాలు. ఇబ్బంది ఏమిటంటే ఈసారి పట్టీకి ఆనేది ఎదురంచు. వెడల్పు ఒక చివర నుంచి ఇంకో చివరకు 0.05 మారినా అది కోణంగా మారుతుంది.

సపోర్టు నేల మీద స్టాండుతో పెట్టకండి, టేబుల్ కదులుతుంటే అది కదలదు కదా. టీ-స్లాట్‌కు బోల్టు వేసిన పొడుగు చానల్, దాని మీద స్క్రూ జాక్ ఉండాలి. 100 వెడల్పు, 25 మందం స్టీలు పట్టీ 1300 పొడవుకు దాదాపు 25 కిలోలు. సగానికి దగ్గరగా బయట వేలాడితే టేబుల్ మీది వైపు లేస్తుంది. క్లాంపు బిగించే ముందు అడుగున 0.03 ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడాలి, దూరితే షిమ్ (సందు నింపే రేకు) పెట్టాలి, బిగించి వంచకూడదు. వేలాడే కొస టేబుల్‌తో పాటు మెషిన్ పక్క కవర్లోకి పోతుంది. ఎక్స్ రెండు చివరలకూ చేత్తో జాగ్ చేసి (మెల్లగా జరిపి) చూసి, సాఫ్ట్ లిమిట్ (టేబుల్ దాటకుండా కంట్రోలర్‌లో పెట్టే హద్దు) పెట్టాకే సైకిల్ స్టార్ట్ నొక్కాలి. ఆ కొస తిరిగే చోట మనిషి నిలబడకుండా అడ్డు కట్టాలి.

రెండు సగాల కోత కలిసే అతుకు దగ్గర గీత పూర్తిగా పోదు. 0.02 మెట్టు కూడా గోరుకు తగులుతుంది. అతుకును సాదా ముఖం మధ్యలో కాకుండా ఏదైనా గాడి దగ్గరకో, పాకెట్ మూలకో నెట్టాలి. రెండు వైపులా రఫింగ్ (ముతక కోత) పూర్తిచేసి 0.3 వదిలాకే ఫినిష్‌కు దిగాలి, కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి తీసిన) పట్టీ అయితే ఒక ముఖం తీయగానే వంగుతుంది. ఫినిష్ రెండు సెట్టింగ్‌లకూ అదే ఎండ్ మిల్, హోల్డర్‌లోంచి తీయకుండా.

వేడి సంగతి. అల్యూమినియం మీటరుకు ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది. 1300 పట్టీ 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.15 తేడా, స్టీలైతే అందులో సగం. రఫింగ్ అయిన వెంటనే రంధ్రం పట్టుకుని జీ55 పెడితే, చల్లారాక రెండు సగాల మధ్య దూరం తక్కువ చూపిస్తుంది. జాబ్ మీద చెయ్యి పెడితే టేబుల్ అంత చల్లగా అనిపించేదాకా డయల్ ముట్టుకోకండి.